నిర్బంధ ప్రాథమిక విద్యకు చట్టరూపమిచ్చిన బరోడా పాలకుడు సయాజీరావు గైక్వాడ్
(మార్చి 11 సయాజీరావు గైక్వాడ్ జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

బడి ఈడు పిల్లలను బడికి పంపడం తల్లిదండ్రుల ఇష్టాయిష్టాలకు వదలివేయదగిన విషయం కాదని, అది చట్టబద్ధమైన బాధ్యత కావాలని భావించి, ఆ భావనను తన రాజ్యమంతటా అమలు చేసిన భారతీయ పాలకుడు బరోడా సంస్థానాధీశుడు మూడవ సయాజీరావు గైక్వాడ్. పన్నెండేళ్ల వయస్సు వరకు ఆయనకు అక్షరజ్ఞానం లేదన్నది ఆయన జీవితంలో మొదటగా చెప్పుకోవలసిన విషయం.

ఆయన 1863 మార్చి 11న నాసిక్ జిల్లాలోని కవళాణా గ్రామంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు గోపాలరావు. తండ్రి కాశీరావు గైక్వాడ్ రాజవంశపు దూరపు శాఖకు చెందినవారైనా వ్యవసాయమే జీవనాధారం. 1875లో ఆంగ్ల ప్రభుత్వం దుష్పరిపాలన కారణంగా బరోడా పాలకుడు మల్హారరావును పదవీచ్యుతుణ్ణి చేసింది. అంతకుముందు పాలించిన ఖండేరావు సతీమణి జమ్నాబాయికి దత్తత స్వీకరించే అవకాశం లభించింది. గ్రామం నుండి రప్పించిన బాలురలో ఆమె గోపాలరావును ఎంపిక చేసుకున్నారు. 1875 మే 27న దత్తత జరిగింది. పొలం గట్ల మీద తిరిగిన బాలుడు సయాజీరావు అనే పేరుతో రాజకుమారుడయ్యాడు.

ఆ వయస్సులో అక్షరాభ్యాసంతో మొదలైన చదువు కఠోరంగా సాగింది. ఆంగ్లేయ అధికారి ఎలియట్ పర్యవేక్షణలో మరాఠీ, గుజరాతీ, ఉర్దూ, ఆంగ్ల భాషలను ఏకకాలంలో నేర్చుకోవలసి వచ్చింది. తిరువాన్కూరు, ఇండోర్ సంస్థానాలలో దివానుగా ఖ్యాతి గడించిన సర్ టి. మాధవరావు అప్పుడు బరోడా దివానుగా ఉండి రాజ్యవ్యవహారాలను చక్కదిద్దుతూనే యువరాజుకు పరిపాలనా పాఠాలు బోధించారు. 1881 డిసెంబరు 28న సయాజీరావుకు పూర్తి పాలనాధికారాలు సంక్రమించాయి. ఆలస్యంగా ఆరంభమైన తన చదువే విద్యావిషయంలో ఆయన పట్టుదలకు మూలమని జీవితచరిత్రకారులు భావించడం సహజమే.

బరోడా ఒకే ముక్కగా ఉన్న రాజ్యం కాదు. బరోడా, కడి, నవసారి, అమ్రేలీ అనే నాలుగు ప్రాంతాలు బ్రిటిష్ భూభాగం, ఇతర సంస్థానాల మధ్య విడివిడిగా విస్తరించి ఉండేవి. 20వ శతాబ్ది ఆరంభంలో మొత్తం జనాభా సుమారు 20 లక్షలు. ఒకేసారి అంతటా చట్టం ప్రయోగించే సాహసం సయాజీరావు చేయలేదు. 1893లో కాఠియావాడలోని అమ్రేలీ తాలూకాను ప్రయోగక్షేత్రంగా ఎంచుకొని, అక్కడి కొన్ని గ్రామాలలో ఉచిత, నిర్బంధ ప్రాథమిక విద్యను ప్రవేశపెట్టారు. తరువాత దానిని తాలూకా అంతటికీ విస్తరింపజేశారు. పదమూడు సంవత్సరాల అనుభవం గడించిన తరువాతనే 1906లో రాజ్యమంతటా చట్టం అమలులోకి వచ్చింది. నేటి పరిభాషలో దీనిని పైలట్ ప్రాజెక్టు అనవచ్చు. అయితే ఫలితాల కోసం పదమూడేళ్లు ఓపిక పట్టిన పైలట్ ప్రాజెక్టులు అరుదు.

1906 నాటి చట్టం 7 నుండి 12 ఏళ్ల బాలురకు, 7 నుండి 10 ఏళ్ల బాలికలకు హాజరు తప్పనిసరి చేసింది. ఈడు వచ్చిన పిల్లల జాబితాలు తయారుచేయడం, బడికి రాని పిల్లల తల్లిదండ్రులకు జరిమానా విధించడం దీని అమలులో ముఖ్యాంశాలు. 1913లో వయోపరిమితిని బాలురకు 14, బాలికలకు 12 సంవత్సరాలకు పెంచారు. బాలికలను చట్టం పరిధిలోకి తేవడం ఆ కాలానికి అసాధారణమైన నిర్ణయం. ఆడపిల్ల బడి మానడానికి పెళ్లి ప్రధాన కారణమైన రోజులవి. 1904లోనే బరోడాలో బాల్యవివాహ నిరోధక చట్టం వచ్చింది. వివాహానికి కనీస వయస్సు బాలికలకు 12, బాలురకు 16 సంవత్సరాలుగా అది నిర్ణయించింది. ఈ రెండు చట్టాలను కలిపి చూసినప్పుడే ఆయన ఆలోచన పూర్తిగా అర్థమవుతుంది.

అమలు మాత్రం సాఫీగా సాగలేదు. పశువులు కాయడానికి, కోతలకు, చిన్నపిల్లలను ఎత్తుకోవడానికి పిల్లల చేతులు అవసరమైన కుటుంబాలకు జరిమానా భారమయింది. పేదవాని వద్ద జరిమానా వసూలు చేసి చదువు చెప్పడమేమిటన్న విమర్శను బరోడా ప్రభుత్వం ఎదుర్కొనవలసి వచ్చింది. 1883లోనే అంత్యజుల పిల్లల కోసం ప్రత్యేక పాఠశాలలు తెరిచినప్పుడు, అక్కడ బోధించడానికి సవర్ణ హిందూ ఉపాధ్యాయులు ముందుకు రాకపోవడంతో ముస్లిం ఉపాధ్యాయులను నియమించారు. చట్టం పిల్లవాణ్ణి బడి గుమ్మం వరకు తేగలిగింది కాని గుమ్మం లోపలి మనుషుల మనస్సును మార్చలేకపోయింది.

బరోడా ప్రయోగం త్వరలోనే జాతీయస్థాయి చర్చకు ఆధారమయింది. 1911 మార్చిలో గోపాలకృష్ణ గోఖలే కేంద్ర శాసనమండలిలో ప్రాథమిక విద్యా బిల్లును ప్రవేశపెట్టారు. స్థానిక సంస్థలు కోరుకుంటే, ప్రభుత్వ అనుమతితో, తమ పరిధిలో 6 నుండి 10 ఏళ్ల బాలురకు నిర్బంధ విద్యను ప్రవేశపెట్టవచ్చుననడమే దాని సారాంశం. ఆ సందర్భంలో గోఖలే బరోడా లెక్కలను సభ ముందుంచారు. బడి ఈడు బాలురలో బరోడాలో 79.6 శాతం పాఠశాలల్లో ఉండగా బ్రిటిష్ ఇండియాలో 21.5 శాతమే ఉన్నారు. బాలికల విషయంలో ఇది 47.6 శాతానికి 4 శాతం. ఒక సంస్థానం చేయగలిగిన పనిని మహాసామ్రాజ్యం ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు సూటి సమాధానం రాలేదు. ఎంత మితంగా రూపొందించినా, 1912 మార్చిలో బిల్లు 13 ఓట్లకు వ్యతిరేకంగా 38 ఓట్లతో వీగిపోయింది. విఠల్‌భాయి పటేల్ కృషి ఫలితంగా 1918లో బొంబాయి ప్రెసిడెన్సీలో ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది. నాటి ఆంధ్ర జిల్లాలకు వర్తించిన మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం 1920లో అమలుకు వచ్చింది.

ఇదే కాలంలో 1911 డిసెంబరులో జరిగిన ఢిల్లీ దర్బారులో సయాజీరావు చక్రవర్తికి విధివిహితంగా వందనం చేయలేదన్న వివాదం చెలరేగి, ఆయన రాజభక్తిపై ఆంగ్ల పత్రికలు అనుమానాలు వ్యక్తం చేశాయి. వివాదం కొంతకాలం ఆయనను చికాకు పరచినా విద్యాకార్యక్రమం ఆగలేదు.

బడిలో నేర్చిన అక్షరాలు బడి మానిన కొద్ది సంవత్సరాలకే మరుగున పడుతున్న సంగతిని ఆయన గమనించారు. ఊళ్లో చదవడానికి కాగితం ముక్క లేనివాడు చదువు మరచిపోతాడు. 1906లో అమెరికా పర్యటనలో అక్కడి విద్యావ్యవస్థను పరిశీలించిన సయాజీరావు, 1910లో విలియం అలాన్సన్ బోర్డెన్ అనే అమెరికన్ గ్రంథాలయ నిపుణుణ్ణి బరోడాకు రప్పించారు. బోర్డెన్ 1913 వరకు పనిచేసి కేంద్ర గ్రంథాలయానికి, గ్రామ గ్రంథాలయాలకు రూపురేఖలు దిద్దారు. పుస్తకాలు నింపిన పెట్టెలు ఊరూరా తిరిగే సంచార గ్రంథాలయాలు వెలిశాయి. గ్రామస్థులు కొంత సొమ్ము సమకూర్చుకుంటే దానికి సమానంగా ప్రభుత్వం, స్థానిక సంస్థ చెరొక వాటా ఇచ్చేవి. 1914లో విజయవాడ కేంద్రంగా ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం సంఘటితరూపం దాల్చేనాటికి బరోడా వ్యవస్థ దేశంలో గ్రంథాలయాభిమానులందరికీ పరిచితమైన నమూనా.

1913లో సయాజీరావు ఇచ్చిన ఉపకారవేతనంతోనే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆ ఒప్పందం ప్రకారం 1917లో ఉద్యోగంలో చేరడానికి బరోడా వచ్చిన అంబేద్కర్‌కు అస్పృశ్యత కారణంగా నగరంలో నివాసం దొరకలేదు. ఆయన కొద్దిరోజులకే నగరం విడిచి వెళ్లిపోయారు. నిర్బంధ విద్య అమలులో ఉన్న రాజధానిలోనే ఇది జరిగింది. సయాజీరావు కృషిని ప్రశంసించేవారు ఈ ఘట్టాన్ని దాటవేయడం న్యాయం కాదు.

మహారాణి చిమ్నాబాయి పరదా పద్ధతిని విడిచి స్త్రీ విద్య కోసం పనిచేశారు. 1927లో పుణేలో జరిగిన అఖిల భారత మహిళా సభ తొలి సమావేశానికి ఆమె అధ్యక్షత వహించారు. విద్యాసంస్కరణే ఆ సమావేశపు ప్రధాన చర్చనీయాంశం.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగంలోని 45వ అధికరణ 14 ఏళ్ల వరకు ఉచిత నిర్బంధ విద్యను ఆదేశసూత్రంగా పేర్కొన్నది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ దానిని ప్రాథమిక హక్కు చేయగా, 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. బాలుర విషయంలో 14 ఏళ్ల పరిమితిని బరోడా 1913లోనే అందుకున్నది. అయితే బడి మానడానికి తల్లిదండ్రులను దండించడానికి బదులు బడిని అందుబాటులో ఉంచవలసిన బాధ్యతను 2009 చట్టం ప్రభుత్వంపై ఉంచింది. బరోడా జరిమానాల అనుభవం తెలిసినవారికి ఈ మార్పు చిన్నది కాదు.

దాదాపు 64 సంవత్సరాలు గద్దెపై ఉన్న సయాజీరావు 1939 ఫిబ్రవరి 6న బొంబాయిలో కన్నుమూశారు. 1949 మే 1న బరోడా సంస్థానం బొంబాయి రాష్ట్రంలో విలీనమయింది. 1893లో నిర్బంధ విద్య తొలిసారి అమలైన అమ్రేలీ నేడు గుజరాత్‌లో ఒక జిల్లా కేంద్రం.