ఫైళ్ల మధ్య పుట్టిన గణితం: జోసెఫ్ ఫూరియే జీవితం



ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాసి ఇవ్వమని సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించీ, సాధుసంతుల గురించీ చక్కగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను వేరే దారి పట్టి, ప్రభుత్వ ఉద్యోగం చేస్తూనే లోకానికి గొప్ప శాస్త్రాన్ని ఇచ్చిపోయిన ఒక ఫ్రెంచి గణితవేత్తను ఎంచుకున్నాను. ఆయన పేరు జోసెఫ్ ఫూరియే. ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలు, మనవలు ఆయనను ఫోరియర్ అని పిలుస్తారు.

రెండు వందల ఏళ్లనాటి మనిషితో మనకేం పని అని అనుకోవద్దు. పరదేశంలో ఉన్న మనవడి ముఖం సెల్‌ఫోనులో చూసినప్పుడూ, బ్యాంకు మెట్లెక్కకుండా ఇంటి నుంచే జీవన ప్రమాణ పత్రం పంపినప్పుడూ ఆ సమాచారం గాలిలో వందలాది సన్నని తరంగాల మీద విడివిడిగా ప్రయాణం చేస్తుంది. ఆ తరంగాల బాగోగులు చూసి టవరు తన వేగాన్ని క్షణక్షణం సవరించుకుంటుంది. ఈ ఏర్పాటుకు ఆధారమైన గణితం ఫూరియే గారిది. ఆ గణితం పెద్దల అభ్యంతరాల వల్ల పదిహేనేళ్లు పుస్తకరూపం దాల్చకుండా ఉండిపోయింది. ఆ సంగతే ఇక్కడ మనవి చేస్తున్నాను.

బాల్యం, విద్య

ఫూరియే 1768 మార్చి 21న ఫ్రాన్సు దేశంలోని ఓసెర్ పట్టణంలో జన్మించారు. తండ్రి దర్జీ. ఇంటినిండా పిల్లలు. తొమ్మిదో ఏట తల్లి, మరుసటి ఏడు తండ్రి కాలం చేశారు. ఊరి పెద్దల ఆదరణతో, బెనెడిక్టు సంప్రదాయపు మతగురువులు నడిపే సైనిక పాఠశాలలో ఆ అనాథ బాలుడికి చోటు దొరికింది. పద్నాలుగేళ్లు వచ్చేసరికి బెజూ అనే పండితుడు రాసిన ఆరు సంపుటాల గణిత గ్రంథాన్ని పూర్తి చేశారు. రాత్రివేళ చదువు కోసం, కాలగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు ఏరి దాచుకునేవారని చెబుతారు. వీధి దీపం కింద పరీక్షలకు చదివిన మన తరం వారికి ఇది వింతగా తోచదు.

ఫిరంగి దళంలో చేరాలని ఆయన కోరిక. గొప్ప వంశంలో పుట్టలేదన్న కారణంగా ఆ దరఖాస్తు తిరస్కరించారు. 1787లో మఠంలో చేరారు. 1789లో ఫ్రెంచి విప్లవం వచ్చింది. సన్యాస దీక్ష తీసుకోకుండానే బయటికి వచ్చి, తాను చదివిన పాఠశాలలోనే పంతులుగా కుదిరారు. విప్లవ సంఘంలో పనిచేశారు. ఆ రోజుల్లో నిన్నటి నాయకుడు రేపటి ఖైదీ. 1794 జులైలో ఫూరియేను అరెస్టు చేశారు. అప్పట్లో అరెస్టయిన వారిలో చాలామంది వధ్యస్థలానికే వెళ్లేవారు. ఆ నెలాఖరులోనే రోబెస్పియర్ పతనం కావడంతో ఆయన ప్రాణాలతో బయటపడ్డారు. మరుసటి ఏడు ఇంకొకసారి నిర్బంధించి విడిచిపెట్టారు.

1795లో పారిస్‌లో ఉపాధ్యాయుల శిక్షణ కోసం కొత్తగా తెరిచిన కళాశాలలో విద్యార్థిగా చేరారు. లగ్రాంజ్, లప్లాస్, మోంజ్ వంటి ఉద్దండులు అక్కడ గురువులు. ఆ తరువాత పాలిటెక్నిక్ కళాశాలలో అధ్యాపకుడై, 1797లో లగ్రాంజ్ గారి పీఠాన్నే అలంకరించారు. ఆ గురువే పదేళ్ల తరువాత శిష్యుని సిద్ధాంతానికి అడ్డు చెప్పారు.

కలెక్టరుగా

1798లో నెపోలియన్ ఈజిప్టు దండయాత్రకు పండితులను కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు. వారిలో ఫూరియే ఒకరు. కైరోలో నెలకొల్పిన విజ్ఞాన సంస్థకు కార్యదర్శిగా పనిచేసి 1801లో స్వదేశం చేరారు. మళ్లీ పాఠాలు చెప్పుకోవాలని ఆయన ఆశ. నెపోలియన్ మాత్రం ఆయన పరిపాలనా దక్షత గమనించి, ఈజేర్ జిల్లాకు ప్రిఫెక్టుగా వేశాడు. ప్రిఫెక్టు అంటే మన జిల్లా కలెక్టరు వంటి పదవి. ముఖ్య పట్టణం గ్రెనోబుల్. బదిలీ ఉత్తర్వు ఇష్టం లేకపోయినా చార్జి తీసుకోక తప్పని పరిస్థితి మనకు తెలియనిది కాదు. 1802 నుంచి 1815 వరకు ఆయన ఆ పదవిలోనే ఉన్నారు.

అక్కడ బూర్గ్వాన్ ప్రాంతంలో విశాలమైన చిత్తడి నేలలు ఉండేవి. వాటివల్ల చలిజ్వరాలు. నీరు తోడించి నేలను ఆరబెట్టాలంటే ముప్పైకి పైగా గ్రామాలు ఒక మాట మీదికి రావాలి. ఎవరి హక్కులు వారివి, ఎవరి తగాదాలు వారివి. ఫూరియే ఊరూరా తిరిగి, పెద్దలతో ఓపికగా మాట్లాడి అందరినీ ఒప్పించారు. చిత్తడి నేల సాగుకు వచ్చింది. గ్రెనోబుల్ నుంచి కొండల మీదుగా ఇటలీలోని టురిన్‌కు వెళ్లే రోడ్డు పని కూడా చేపట్టారు. ఈజిప్టు వర్ణన అనే బృహద్గ్రంథానికి చారిత్రక పీఠిక రాసిందీ ఆయనే. తరువాతి కాలంలో ఈజిప్టు చిత్రలిపిని చదివి కీర్తి గడించిన షాంపోల్యోన్ అప్పుడు గ్రెనోబుల్‌లో చదువుకుంటున్న కుర్రవాడు. అతనికీ ఫూరియే ప్రోత్సాహం లభించింది.

పగలు దస్త్రాలు, రాత్రి లెక్కలు

ఇన్ని పనుల మధ్య ఆయన మనసు ఒక ప్రశ్న మీద నిలిచింది. ఇనుప కడ్డీ ఒక కొస నిప్పులో పెడితే, వేడి రెండో కొసకు ఏ లెక్క ప్రకారం పాకుతుంది? ఆయన ఇనుప వలయాలను వేడిచేసి, ఉష్ణమాపకాలతో కొలతలు తీసుకుని, వేడి ప్రవాహానికి ఒక సమీకరణం రాశారు. దాన్ని సాధించే క్రమంలోనే అసలు విశేషం బయటపడింది.

తంబురా నాలుగు తీగలూ మోగుతున్నప్పుడు వినపడేది ఒకే నాదం. కాని చెవి తెలిసిన విద్వాంసుడు అందులో ఏ తీగ ఎంత పలుకుతోందో చెప్పగలడు. ఫూరియే చెప్పినది దీనికి దగ్గర మాట. ఎంత వంకర టింకర రేఖనైనా, మధ్యలో తెగినట్లు ఉన్న రేఖనైనా, చిన్నా పెద్దా నునుపైన తరంగాల మొత్తంగా రాయవచ్చు. ప్రతి తరంగం పాలు ఎంతో విడివిడిగా లెక్క కట్టవచ్చు. మోగే తీగ విషయంలో డేనియల్ బెర్నూలీ అంతకు ముందే ఇటువంటి ఊహ చేశారు. ఏ రేఖకైనా ఇది వర్తిస్తుందని చెప్పి, లెక్క కట్టే పద్ధతి కూడా చూపినవారు ఫూరియే.

1807 డిసెంబరు 21న ఈ పరిశోధన పత్రాన్ని పారిస్‌లోని విద్వత్సభకు సమర్పించారు. పరిశీలకులు నలుగురు. లగ్రాంజ్, లప్లాస్, మోంజ్, లక్రువా. నునుపైన తరంగాలను కలిపితే విరిగిన రేఖ ఎలా వస్తుందని లగ్రాంజ్ గట్టిగా ఆక్షేపించారు. పత్రం అచ్చుకు వెళ్లలేదు. తరువాత అదే విషయం మీద సభవారు పోటీ పెట్టారు. 1811లో ఫూరియే తన పరిశోధనను పెంచి మళ్లీ పంపారు. 1812 ఆరంభంలో బహుమతి ఆయనకే వచ్చింది. అయితే నిరూపణలో కట్టుదిట్టం చాలలేదని పరిశీలకులు తమ నివేదికలో రాశారు. బహుమతి ఇచ్చారే గాని పత్రాన్ని అప్పుడూ అచ్చువేయలేదు.

పరిశీలకుల సందేహం పూర్తిగా అన్యాయమని అనలేము. ఏ షరతులకు లోబడి ఆ మొత్తం సరిపోతుందో ఫూరియే పకడ్బందీగా చూపలేదు. ఆ పని 1829లో డిరిక్లే అనే యువకుడు చేశాడు. సందేహం న్యాయమైనదే అయినా, అంతకాలం తొక్కిపట్టడం వల్ల ఫూరియేకు కలిగిన మనోవేదన తక్కువది కాదు. అయినా ఆయన కొలతలు మానలేదు, తన పద్ధతిని వదులుకోలేదు.

అందని పింఛను

1815లో ఎల్బా దీవి నుంచి తప్పించుకున్న నెపోలియన్ గ్రెనోబుల్ దారినే పారిస్‌కు బయలుదేరాడు. అప్పటికి ఫూరియే రాజుగారి కొలువులో ప్రిఫెక్టు. అటు పాత ప్రభువు, ఇటు కొత్త ప్రభువు. ఊరు విడిచి వెళ్లిపోయారు. నెపోలియన్ మొదట ఆగ్రహించినా, తరువాత లియోన్ పట్టణం ఉన్న రోన్ జిల్లాకు ప్రిఫెక్టుగా నియమించాడు. ఆ ఉద్యోగం కొన్ని వారాలకే ముగిసింది. ఏడాదికి 6,000 ఫ్రాంకుల పింఛను మంజూరైంది. జులై 1 నుంచి అమలు. జూన్ 18న వాటర్లూ యుద్ధంలో నెపోలియన్ ఓడిపోయాడు. మంజూరైన ఆ పింఛనులో ఒక్క ఫ్రాంకు కూడా ఫూరియే చేతికి రాలేదు. అరియర్సు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మన సభ్యులకు ఈ బాధ విడమరచి చెప్పనక్కరలేదు.

నలభై ఏడేళ్ల వయసులో జీవనాధారం పోయింది. ఒకప్పటి శిష్యుడు షబ్రోల్ అప్పుడు పారిస్ ఉన్న సేన్ జిల్లాకు ప్రిఫెక్టు. ఆయన గురువుగారికి గణాంక శాఖలో అధికారి ఉద్యోగం ఇచ్చి ఆదుకున్నారు. 1816లో విద్వత్సభ ఫూరియేను సభ్యునిగా ఎన్నుకుంటే, నెపోలియన్ మనిషి అని రాజు ఆమోదించలేదు. 1817లో మళ్లీ ఎన్నుకున్నారు. ఈసారి ఆమోదం వచ్చింది. 1822లో ఆ సభకే శాశ్వత కార్యదర్శి అయ్యారు. ఉష్ణ సిద్ధాంతం మీద ఆయన గ్రంథం అచ్చయిందీ ఆ ఏడాదే. భూమి వేడిని గాలి పొర ఎలా పట్టి ఉంచుతుందో చర్చిస్తూ 1824లో మరో వ్యాసం రాశారు. ఈనాటి భూతాప చర్చలకు అది తొలి మెట్టు.

ఆయన వివాహం చేసుకోలేదు. ముసలితనంలో కీళ్ల నొప్పులు, ఆయాసం బాధించేవి. ఎండాకాలంలో కూడా ఉన్ని బట్టలు కప్పుకుని, గది వేడిగా ఉంచుకునేవారట. 1830 మే 16న పారిస్‌లో పరమపదించారు. ఈఫిల్ టవరు మీద చెక్కిన 72 మంది పేర్లలో ఫూరియే పేరు ఉంది.

ఆ గణితం మన చేతిలోకి

1965లో కూలీ, టూకీ అనే ఇద్దరు ఫూరియే లెక్కను కంప్యూటరు మీద త్వరగా చేసే పద్ధతి ప్రకటించారు. 1,024 కొలతలకు పాత పద్ధతిలో 10 లక్షలకు పైగా గుణకారాలు కావాలి. కొత్త పద్ధతిలో సుమారు 10 వేల మెట్లలో పని తేలుతుంది. 1966లో బెల్ ప్రయోగశాలలో పనిచేసిన చాంగ్, సమాచారాన్ని ఒకే తరంగం మీద కాక, ఒకదానికొకటి అడ్డురాని అనేక తరంగాల మీద పంపే విధానం చూపారు. 1971లో వైన్‌స్టీన్, ఎబర్ట్ ఆ పనికి ఫూరియే లెక్కను వాడవచ్చని తెలిపారు.

ఇలా విడగొట్టడం ఎందుకంటే, టవరు నుంచి వచ్చే తరంగం నేరుగానూ వస్తుంది, గోడలకూ గుట్టలకూ తగిలి ఆలస్యంగానూ వస్తుంది. ఒకే తరంగం మీద గబగబా పంపితే ముందు అక్షరం ప్రతిధ్వని వెనుక అక్షరం మీద పడి గజిబిజి అవుతుంది. అనేక తరంగాల మీద ఒక్కొక్కటి నిదానంగా పంపితే ఆ బెడద తగ్గుతుంది. ఈ ప్రతిధ్వనుల వల్లనే కొన్ని తరంగాలు బలంగా అందుతాయి, కొన్ని నీరసిస్తాయి.

ధాన్యం బస్తాలు తోలే బళ్లను తలచుకోండి. దారి గట్టిగా ఉన్న బండికి పది బస్తాలు వేస్తాం. బురద దారి బండికి నాలుగే. వాగు పొంగిన దారిలో బండిని అసలు కట్టం. అన్ని బళ్లకూ సమానంగా వేస్తే బురదలో బండి కూలబడుతుంది, మంచి దారిలో బండి సగం ఖాళీగా పోతుంది. టెలిఫోను తీగ మీద వచ్చిన బ్రాడ్‌బ్యాండులో సరిగ్గా ఇదే చేశారు. ప్రతి తరంగాన్నీ ముందుగా పరీక్షించి, శుభ్రంగా ఉన్నదాని మీద ఒక్కో విడతకు 15 బిట్ల వరకు, రొద ఉన్నదాని మీద రెండో మూడో బిట్లు వేస్తారు. మరీ చెడ్డదాన్ని ఖాళీగా వదిలేస్తారు.

గాలిలో అయితే దారి నిలకడగా ఉండదు. మనం నాలుగడుగులు వేస్తే మారిపోతుంది. అందుకే 4జి ఫోను తనకు అందుతున్న నాణ్యతకు మార్కులు వేసి మాటిమాటికీ టవరుకు తెలియజేస్తుంది. ఇక్కడ తరంగాల మధ్య ఎడం 15 కిలోహెర్ట్జ్. 12 తరంగాలు ఒక జట్టు. ఎవరికి ఏ జట్లు బాగా అందుతున్నాయో చూసి, సెకనులో వెయ్యో వంతుకు ఒకసారి టవరు పంపకం చేయగలదు. అందుకోలు బాగుంటే ఒక్కో తరంగం మీద ఒక్కో విడతకు 6 బిట్లు, ఓ మాదిరిగా ఉంటే 4, నీరసంగా ఉంటే 2. బొమ్మ మసకబారినా మాట తెగకపోవడానికి ఈ సవరింపు ఒక ముఖ్య కారణం. 5జి కూడా ఈ పునాది మీదే నడుస్తోంది.

ఫూరియేకు విద్యుత్ దీపం కూడా తెలియదు, ఫోను ఊహలో కూడా లేదు. కడ్డీలో వేడి గురించి ఆలోచించారు, కలెక్టరు కచేరీలో ఫైళ్లు చూసుకుంటూ రాసుకున్నారు. తిరుగుటపాలో వచ్చిన అభ్యంతరాలకు సమాధానాలు రాస్తూ, తాను నమ్మినదాన్ని విడవకుండా చివరకు అచ్చు వేయించుకున్నారు. పదవీ విరమణతో మన పని అయిపోయిందని నిరుత్సాహపడే మిత్రులు, ఉద్యోగం, పింఛను రెండూ పోయిన తరువాత కూడా పనిచేసిన ఈ పెద్దమనిషిని ఒకసారి తలచుకోవాలని నా మనవి. మీ ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే ఫోరియర్ పాఠం చెప్పమని అడగండి. వారు లెక్క చెబుతారు, మీరు ఆ లెక్క వెనుక ఉన్న మనిషి కథ చెప్పండి.