యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. బాల్యమున ఆతనికి చదువుపై మనసు నిలువలేదు. మెట్రిక్యులేషనులో రెండు పర్యాయములు తప్పి, మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కెను. పిదప సన్యసింపనెంచి రామకృష్ణ మఠము నాశ్రయించెను గాని తల్లి వెంకమ్మ సమ్మతింపలేదు. అంతట మదరాసు వైద్య కళాశాలలో చేరెను. తరువాత ఆతనికి పిల్లనిచ్చిన కస్తూరి సూర్యనారాయణమూర్తి ధనసహాయము చేసెను.

కళాశాలలో ఆతడు గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించెను. శస్త్రవైద్యాచార్యుడైన ఆంగ్లేయునకు అది కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలలో చక్కగా నెగ్గినను సుబ్బారావునకు ఎం.బి.బి.యస్. బదులు తక్కువదైన ఎల్.ఎం.యస్. పట్టమే దక్కెను.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలో తగిలెను. స్ప్రూ అను సంగ్రహణి సోకినవారికి తిన్నది ఒంటబట్టదు, విరేచనములు కట్టవు, నెత్తురు పలుచనై దేహము శుష్కించును. సుబ్బారావు సోదరులిద్దరు ఎనిమిది దినముల వ్యవధిలో ఆ వ్యాధికి బలియైరి. వైద్యము చదివిన తమ్ముడో అన్నయో ఇంట నుండియు వారిని కాపాడగల మందు లేకపోయెను. ఆ మందు కనుగొనవలెనను పట్టుదల ఆతనిని అమెరికాకు నడిపించెను.

బోస్టను నగరమున ఆతడు ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు శుభ్రపరచి పొట్టపోసికొనుచు, హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను. మెట్రిక్యులేషను తప్పిన బాలుడు ఈతడేనా యని ఆశ్చర్యము కలుగకమానదు! అచట ఫిస్క్ అను శాస్త్రజ్ఞునితో కూడి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని రూపొందించెను. కండరములకు శక్తినిచ్చు పదార్థములను కనుగొనెను. 1930లో డాక్టరు పట్టమందెను. అయినను ఆచార్యపదవి స్థిరపడలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరి పరిశోధనను నడిపెను.

కాలేయమునుండి లేశమాత్రముగా లభించు ఫోలిక్ ఆమ్లమును ఆతని బృందము 1945లో కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ రోగుల నెత్తురును మరల పుష్టిపరచెను. సోదరులు పోయిన ఇన్నేండ్లకు మందు చేతికి వచ్చినది.

ఈ సాధనకు మూల్యము తక్కువది కాదు. ఆతడు స్వదేశమునకు తిరిగిరాలేదు. భార్య శేషగిరి ఆతనిని మరల చూడలేదు. పసివాడైన కుమారుని మరణవార్తయు ఆతనికి దూరముననే అందెను.

నేటికిని స్ప్రూ చికిత్సలో ఫోలిక్ ఆమ్లముతోపాటు టెట్రాసైక్లిన్ తెగ మందులను వాడుచున్నారు. ఆ తెగలో మొదటిదైన ఆరియోమైసిన్ సుబ్బారావు పర్యవేక్షణలో డగ్గర్ అను శాస్త్రజ్ఞుడు సాధించినదే. అది 1948లో వెలువడెను. ఆ యేడే ఆగస్టు మాసమున, ఏబదిమూడేండ్ల ప్రాయమున, సుబ్బారావు న్యూయార్కు ప్రాంతమున నిద్రలోనే కన్నుమూసెను.