డాక్ రికెట్స్ ఎవరు?

మినీ ప్రాజెక్టు కోసం మా టీమ్ సముద్రం అడుగున తీసిన ఫోటోలు వెతుకుతోంది. ఫోటో చూసి జీవి పేరు చెప్పే మోడల్ చేయాలని ప్లాన్. అలా కాలిఫోర్నియాలోని మాంటరే బే అక్వేరియం రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వీడియోలు దొరికాయి. వాటిలో చాలావాటిని తీసిన రోబో పేరు డాక్ రికెట్స్. పసిఫిక్‌లో 4,000 మీటర్ల లోతు దాకా దిగుతుంది. రోబోకి మనిషి పేరేంటి అని వెతకడం మొదలుపెట్టాను. ఆ రాత్రి ప్రాజెక్టు ముందుకి కదల్లేదు.

ఎడ్వర్డ్ రికెట్స్ 1897లో షికాగోలో పుట్టాడు. అక్కడి యూనివర్సిటీలో చదివాడు కానీ డిగ్రీ పూర్తి చేయలేదు. (ఈ వాక్యం మా అమ్మకి చూపించను.) జంతువులు గుంపులుగా ఎందుకు బతుకుతాయో చెప్పిన ఆలీ అనే ప్రొఫెసర్ పాఠాలు మాత్రం అతన్ని జీవితాంతం వదల్లేదు. 1923లో కాలిఫోర్నియా తీరానికొచ్చి, స్నేహితుడితో కలిసి ఒక ల్యాబ్ పెట్టాడు. ల్యాబ్ అంటే పెద్ద పరిశోధన కేంద్రం అనుకోకండి, అదొక చిన్న వ్యాపారం. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మధ్య దొరికే స్టార్‌ఫిష్‌లు, పీతలు, ఆక్టోపస్‌లు పట్టుకుని, పాడవకుండా సీసాల్లో పెట్టి స్కూళ్ళకి, కాలేజీలకి అమ్మేవాడు. డబ్బుకి ఎప్పుడూ కటకటే.

ఆ పనిలోంచే అతని పుస్తకం పుట్టింది. అలాంటి పుస్తకాల్లో సాధారణంగా జీవుల్ని జాతుల వారీగా సర్దుతారు, పీతలన్నీ ఒక చోట, నత్తలన్నీ ఇంకో చోట. రికెట్స్ అవి ఎక్కడ బతుకుతాయో దాన్ని బట్టి సర్దాడు. అలలు బాదే రాళ్ళ మీద ఎవరుంటారు, ప్రశాంతమైన బే బురదలో ఎవరు, రేవు స్తంభాలకి అంటుకుని ఎవరు, ఏ ఎత్తులో ఎవరు అని. మన భాషలో చెప్పాలంటే ఇండెక్స్ మార్చేశాడు. ఇది అప్పటి పండితుల్లో కొందరికి నచ్చలేదు. 1936 నవంబరులో పక్క ఫ్యాక్టరీలో మొదలైన మంటలు అతని ల్యాబ్‌ని కూడా కాల్చేశాయి. లైబ్రరీ, నోట్సులు అన్నీ పోయాయి. పుస్తకం రాతప్రతి మాత్రం అప్పటికే స్టాన్‌ఫర్డ్ ప్రెస్‌కి చేరి ఉండటంతో బతికిపోయింది. 1939లో అచ్చయింది.

ఇది చదివాక నాకు మా డేటాసెట్ గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. మేము ఒక్కో జీవి చుట్టూ ఉన్నదంతా కత్తిరించి పారేశాం.

నవలా రచయిత జాన్ స్టైన్‌బెక్ అతనికి ప్రాణ స్నేహితుడు. 1940లో ఇద్దరూ వెస్టర్న్ ఫ్లయర్ అనే చేపల పడవలో గల్ఫ్ ఆఫ్ కాలిఫోర్నియా తిరిగొచ్చారు. తర్వాత స్టైన్‌బెక్ 'కేనరీ రో' నవలలో అతన్నే డాక్ అనే పాత్రగా మార్చాడు. ఇంటర్నెట్‌లో రికెట్స్ గురించి వెతికితే ఎక్కువగా ఈ స్నేహమే కనిపిస్తుంది. నన్ను పట్టుకున్నది మాత్రం సార్డిన్‌ల కథ.

సార్డిన్ అంటే మన తీరంలో కవళ్ళు అంటామే, ఆ చేపల చుట్టమే. రికెట్స్ ల్యాబ్ ఉన్న వీధి నిండా వాటిని డబ్బాల్లోకి ఎక్కించే ఫ్యాక్టరీలే. 1936-37 సీజన్‌లో కాలిఫోర్నియా మొత్తం మీద 7 లక్షల టన్నులు దాటి పట్టారు. అందులో చాలా భాగం మనుషులు తిన్నది కూడా కాదు, నూనెకీ, ఎరువుకీ, కోళ్ళ దాణాకీ పోయింది. 1940ల మధ్యకొచ్చేసరికి వలలు ఖాళీగా రావడం మొదలైంది. చేపలు ఎక్కడికో వలస పోయాయి, తిరిగొస్తాయి అన్నారు చాలామంది. రికెట్స్ ఎన్నో ఏళ్ళ లెక్కలు ముందేసుకున్నాడు, ఏ ఏడు ఎంత పట్టారు, నీళ్ళ వేడి ఎంత, చేపల తిండైన ప్లాంక్టన్ ఎంత ఉంది అని. తేలిందేమంటే, సముద్రంలో తిండి తగ్గిన ఏళ్ళల్లో కూడా మనుషులు పట్టడం తగ్గించలేదు. కనపడని చేపలు ఫ్యాక్టరీ డబ్బాల్లోకే పోయాయి. స్థానిక పత్రికలో రాశాడు, పట్టేదానికి హద్దు ఉండాలన్నాడు. వీధి మొత్తం ఆ చేపల మీదే బతుకుతున్నప్పుడు ఆ మాట ఎవరికి రుచిస్తుంది?

సార్డిన్‌లు సహజంగా కూడా పెరుగుతూ తరుగుతూ ఉంటాయని తర్వాతి శాస్త్రవేత్తలు సముద్రపు అడుగు మట్టిలో దొరికిన పొలుసుల్ని లెక్కపెట్టి తేల్చారు. అంటే తప్పంతా ఫ్యాక్టరీలదే కాదు. కానీ రికెట్స్ కూడా వాటిదే అనలేదు, రెండూ కలిపి చూడమన్నాడు.

1948 మే 8 సాయంత్రం రైలు పట్టాలు దాటుతుండగా అతని పాత కారుని డెల్ మాంటే ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టింది. మూడు రోజులకి చనిపోయాడు. ఇంకో మూడు రోజులు ఉంటే 51 నిండేవి. స్టైన్‌బెక్‌తో కలిసి కెనడా తీరానికి వెళ్ళాల్సిన ప్రయాణం ఆగిపోయింది.

ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అందులో ఒకదాని స్థలంలోనే 1984లో మాంటరే బే అక్వేరియం తెరిచారు. రికెట్స్ ల్యాబ్ దాని పక్కనే ఇప్పటికీ ఉంది. ఒడ్డున మోకాలి లోతు నీళ్ళల్లో వెతికిన మనిషి పేరున్న రోబో, డేవిడ్‌సన్ సీమౌంట్ దగ్గర 3,200 మీటర్ల లోతులో వేల ఆక్టోపస్‌లు ఒకే చోట గుడ్లు పొదగడం చూసింది. అక్కడ నేలలోంచి చుట్టూ ఉన్న సముద్రం కంటే వెచ్చని నీళ్ళు ఊరతాయి, ఆ వేడికి గుడ్లు త్వరగా పిల్లలవుతాయట.

మేము ఫోటోల్ని కత్తిరించకుండా, లోతు అనే కాలమ్ కూడా చేర్చి మళ్ళీ ట్రైనింగ్ మొదలుపెట్టాం. సోమవారం రివ్యూ. ఇంకా సగం ఎపోక్స్ మిగిలే ఉన్నాయి.