రక్తనాళంలో దారి వేసిన డాక్టర్ గ్రుంట్సిగ్

ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితం వ్రాసి ఇవ్వమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, ఏ ప్రకాశం పంతులు గారి గురించో వ్రాస్తానని వారు అనుకొని ఉంటారు. నేను ఆండ్రియాస్ గ్రుంట్సిగ్ అనే జర్మను వైద్యుని ఎంచుకున్నాను. మన సర్వసభ్య సమావేశంలో స్టెంటు వేయించుకున్నవారు చేతులెత్తమంటే చాలా చేతులే లేస్తాయి. నాదీ అందులో ఒకటి. ఆ చికిత్సకు మూలపురుషుడు ఈయన.

గ్రుంట్సిగ్ 1939 జూన్ 25న డ్రెస్డెన్‌లో పుట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో తండ్రి పోయారు. తల్లి ఇద్దరు కొడుకులను కష్టపడి పెంచింది. తూర్పు జర్మనీ విడిచి పశ్చిమానికి వచ్చి, హైడెల్‌బర్గ్‌లో వైద్యం చదివి 1964లో పట్టా పుచ్చుకున్నారు. 1969లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ యూనివర్సిటీ ఆసుపత్రిలో చేరారు.

అప్పటికి కాలి రక్తనాళాలు పూడుకుపోతే తెరిచే పద్ధతి ఒకటి ఉంది. అమెరికాలో చార్లెస్ డాటర్ అనే డాక్టరు 1964లో మొదలుపెట్టినది. సన్నని గొట్టం మీదుగా అంతకంటె లావు గొట్టం తోసి దారి వెడల్పు చేయడం. కాలికి సరే, గుండెకు ఎలా? లావు గొట్టం పట్టాలంటే లోపలికి పోయే చోట రంధ్రమూ లావుగా ఉండాలి. గ్రుంట్సిగ్ ఆలోచన ఏమంటే, గొట్టం సన్నగానే లోపలికి పోవాలి, అవసరమైన చోట మాత్రమే ఉబ్బాలి, పని కాగానే మళ్ళీ సన్నబడి బయటికి రావాలి.

చెప్పడం తేలిక. రబ్బరు బుడగ అయితే గట్టిగా ఉన్న చోట ఉబ్బదు, మెత్తగా ఉన్న రెండు పక్కలా ఉబ్బుతుంది. పూడిక పూడికగానే ఉంటుంది. కాబట్టి ఒక కొలత వరకే ఉబ్బి, అక్కడ ఆగి, ఆపైన ఎంత ఒత్తిడి పెట్టినా వెడల్పు పెరగని పదార్థం కావాలి. ఒక రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసరు (గమనించండి, రిటైరైనవారే!) పి.వి.సి. ప్లాస్టిక్ వాడి చూడమని సలహా ఇచ్చారు. ఇక ఆయన ఇంటి వంటగదే వర్క్‌షాపు అయింది. పగలు ఆసుపత్రి డ్యూటీ, రాత్రి వంటబల్ల మీద గొట్టాలు. భార్య మిఖాయెలా, ఆసుపత్రిలో సహాయకురాలు మరియా ష్లుంఫ్, ఆమె భర్త కూర్చొని చిన్న గొట్టాన్ని వేడిచేయడం, లోపల గాలి ఒత్తిడి పెట్టి బుడగ రూపం తేవడం, అది పగిలితే మళ్ళీ మొదటినుంచి. ఇలా ఏళ్ళు గడిచాయి. 1974 ఫిబ్రవరి 12న కాలి ధమనిలో మొదటిసారి ఆ బుడగ పనిచేసింది.

గుండెకు వెళ్ళాలంటే ఇంకొక సదుపాయం కావాలి. గొట్టం లోపల రెండు దారులు పెట్టారు. ఒకటి బుడగ ఉబ్బించడానికి, రెండవది కొసన రక్తపు ఒత్తిడి కొలవడానికి. పూడిక తెరుచుకుంటే అవతల ఒత్తిడి పెరుగుతుంది, ఆ అంకె చూసి పని అయిందో లేదో తెలుసుకోవచ్చు. 1976లో మయామీ బీచిలో జరిగిన సభలో కుక్కల మీద చేసిన ప్రయోగాలు చూపిస్తే నమ్మినవారు బహుస్వల్పం.

1977 సెప్టెంబరు 16. రోగి వయసు 38, డాక్టరు వయసూ 38. గుండె సర్జను సెన్నింగ్ గారు తేడా వస్తే కోయడానికి మనుషులతో సిద్ధంగా ఉన్నారు. మెలకువగా ఉన్న మనిషి గుండె ధమనిలో బుడగను రెండుసార్లు ఉబ్బించారు. ఒత్తిడి పెరిగింది, దారి తెరుచుకుంది, సర్జనుకు పని పడలేదు.

నాకు ఆయనలో అన్నిటికంటె నచ్చినది ఇకమీదటిది. 1979లో మొదటి 50 మంది రోగుల లెక్క ప్రచురించినప్పుడు 32 మందికే విజయవంతమైందని, 5 మందికి అత్యవసరంగా ఆపరేషను చేయవలసి వచ్చిందని వ్రాసుకున్నారు. నా సర్వీసులో ప్రగతి నివేదికలు ఎన్నో పంపాను. వాటిలో ఇలాంటి కాలమ్ నింపినట్లు గుర్తు లేదు. ఇతర దేశాల డాక్టర్లను పిలిచి, పక్క హాలులో టి.వి. తెర మీద చూస్తుండగా చికిత్స చేసేవారు. తప్పు జరిగినా అందరి ఎదుటే జరగాలి.

ఆయన గొట్టానికి ఒక లోపం ఉండేది. కొసన ఉన్న చిన్న తీగ కదిలేది కాదు, దాంతో కావలసిన కొమ్మలోకి తిప్పడానికి వీలుండేది కాదు. పూడిక దగ్గరగా, తిన్నగా ఉన్నవారికే చికిత్స దొరికేది. కాలిఫోర్నియాలో జాన్ సింప్సన్ ముందు ఒక సన్నని తీగ పోయి, దాని మీదుగా బుడగ జారే ఏర్పాటు చేశారు. తీగ కొస కొంచెం వంగి ఉంటుంది. బయట వ్రేళ్ళతో తీగను తిప్పితే లోపల కొస తిరుగుతుంది.

ఇది నేను కళ్ళారా చూశాను. మూడేళ్ళ క్రితం నా మణికట్టులోంచి గొట్టం పంపినప్పుడు, తీగ ఒక మలుపు దగ్గర ఎంతకీ తిరగలేదు. మా అమ్మాయి వయసు డాక్టరమ్మ తీగ బయటికి లాగి, కొసను వ్రేళ్ళతో ఇంకాస్త వంచి మళ్ళీ పంపింది. తెర మీద వెంట్రుకలాంటి నల్లని గీత ఆగి, తిరిగి, కొమ్మలోకి దూరింది. అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి వదిలాను. బిల్లు రీయింబర్స్‌మెంటుకు పెడితే, అత్యవసర సర్టిఫికెట్ జతపరచలేదని కొర్రీతో తిరిగి వచ్చింది. నేను ముప్పై ఏళ్ళు అలాంటి కొర్రీలే వ్రాసినవాణ్ణి గనుక ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

మా సెక్షనులో నా పక్క సీటులో ఒక పెద్దాయన ఉండేవారు. నాకు డ్రాఫ్టింగు నేర్పినవారు. మెట్లెక్కితే ఛాతీ పట్టుకొనేవారు, నాలుక క్రింద సార్బిట్రేటు మాత్ర పెట్టుకొని నవ్వేవారు. 1986లో సీటులోనే పోయారు. అప్పటికి జ్యూరిక్‌లో బుడగ ఉబ్బించి తొమ్మిదేళ్ళు. మా జిల్లా కేంద్రానికి ఆ వార్త కూడా రాలేదు. ఆయనకు 46.

గ్రుంట్సిగ్ ఆయుర్దాయమూ అంతే. 1980లో అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి మారారు. విమానం తానే నడపడం సరదా. 1985 అక్టోబరు 27న చెడు వాతావరణంలో జార్జియాలో విమానం కూలి, రెండవ భార్యతో సహా మరణించారు.

పదేళ్ళకు, 1987లో, ఆ మొదటి రోగికి మళ్ళీ పరీక్ష చేశారు. బుడగ తెరిచిన చోటు తెరిచే ఉంది. నాకు వచ్చే నెలలో చెకప్. ఈసారి సర్టిఫికెట్లు అన్నీ ముందే మూడేసి కాపీలు తీయించి పెట్టాను.