క్లౌ దొరగారును ధాత కరువును

కరువు సంగతి మన మెట్ట గ్రామములకు చెప్పనక్కరలేదు. 1866లో ఒంగోలు చేరిన అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారికి 1876లో ధాత కరువు ఎదురాయెను. ఆయన బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకము కంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిరి. బోధకులే మేస్త్రీలు. పని నడుమ కూలీలు సువార్త వినిరి. అనేకులు బాప్తిస్మము కోరిరి. గలిలయలో రొట్టెలకొరకు వెదకినవారిని మనమెరుగుదుము గదా! కూటికొరకు కలిసిరను నింద సంఘమునకు రాకూడదని ఆయన ఏడాదికి పైగా ఎవరికిని ఇయ్యలేదు. అలమటించువానికి కాదని చెప్పుట సులువా? ఆయన చేసినవాటిలో ఇదే కష్టమైనదని మేము తలంతుము. కడకు, ఇక సహాయధనము లేదని చెప్పి పంపినను, జనులు వెల్లంపల్లి యొద్ద గుంపులుగా కూడిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు దొరగారు కారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు అలసినప్పుడు మరి ఇద్దరు నీటిలోనికి దిగుచు.