నారింజ పెట్టెల క్రింది బంగారము

న్యాయసమ్మతమైన వ్యాపారము చేసికొని బ్రతుకువానికి బ్యాంకు తలుపు మూయవచ్చునా యను ప్రశ్న అమెరికాలో నేటికిని చల్లారలేదు. మూయరాదని శాసించు బిల్లులు ఇటీవల అక్కడి కాంగ్రెసు ముందునకు వచ్చినవి. 2025 ఆగస్టులో అధ్యక్షుని ఉత్తరువును వెలువడినది. ఇట్టి శాసనముల ఊసే లేని దినములలో ఆ తలుపును తెరచినవాడు అమదేవో పీటర్ జియానీని.

ఆయన 1870లో కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో, ఇటలీనుండి వలసవచ్చిన దంపతులకు జన్మించెను. బాల్యముననే తండ్రి ఒక కూలివాని చేతిలో హతుడయ్యెను. తగవు ఒక్క డాలరును గూర్చి యని చెప్పుదురు. తల్లి మరల వివాహమాడిన స్కటేనా శాన్ ఫ్రాన్సిస్కోలో కూరగాయల కమీషను వర్తకుడు. బాలుడు చదువు మాని ఆ మండీలో చేరి, తోటలు తిరిగి, ఏ రైతు మాట నమ్మదగినదో గ్రహించెను. ఆయన నేర్చిన బ్యాంకింగు శాస్త్రమంతయు అదియే యని నా తలంపు.

మామగారి మరణానంతరము ఆయనకొక చిన్న బ్యాంకులో డైరెక్టరు పదవి లభించెను. చేపలమ్మువారికి, చిల్లర వర్తకులకు అప్పులిత్తమనగా తోడివారు వినరైరి. ఆయన రాజీనామా చేసి, 1904 అక్టోబరు 17న, అంతకుముందు సారాదుకాణముగా నుండిన గదులలో బ్యాంక్ ఆఫ్ ఇటలీని స్థాపించెను. వడ్డీ వ్యాపారుల వాకిళ్లలో నిలిచినవారు, పరుపుల క్రింద బంగారము దాచుకొన్నవారు దాని ఖాతాదారులైరి.

1906 ఏప్రిల్ 18న భూకంపము నగరమును కూల్చెను. వెనువెంటనే మంటలు చెలరేగెను. జియానీని బ్యాంకులోని బంగారమును, వెండిని బండ్ల కెక్కించి, దోపిడిగాండ్రు గుర్తింపకుండ పైన నారింజపండ్ల పెట్టెలు పేర్చి, రాత్రివేళ శాన్ మాటియోలోని తన యింటికి చేర్చెను. తక్కిన బ్యాంకుల ఇనుపగదులు కాగియుండుటచే వారముల తరబడి తెరువ వీలుకాలేదు. ఈయన రేవులో పీపాలపై పలక పరచి, చేతిలో చేయి వేసినవారికి అప్పులిచ్చెను.

ఇదంతయు దయాగుణమే యనరాదు. ఆయన మహత్త్వాకాంక్షి. చిన్న బ్యాంకులను కొని శాఖలుగా మార్చుచు, అధికారులతో నెడతెగక కలహించెను. బ్యాంకర్లు నమ్మని చలనచిత్రములకును ఆయన సంస్థ పెట్టుబడి నిచ్చెను. 1937 నాటి డిస్నీ 'స్నో వైట్' దాని అప్పుతో పూర్తియైనదే. సంస్థ 1930లోనే బ్యాంక్ ఆఫ్ అమెరికా యను పేరు దాల్చెను.

స్త్రీయని అప్పు నిరాకరింపరాదని 1974లోను, జాతిని, మతమును, పుట్టిన దేశమును బట్టి నిరాకరింపరాదని 1976లోను అమెరికాలో శాసనములు వచ్చినవి. జియానీని 1949 జూన్ 3ననే గతించెను. నాటికి ఆయన బ్యాంకు ప్రపంచమున కెల్ల పెద్దది. ఆయన విడిచిన ఆస్తి అయిదు లక్షల డాలర్లకు లోపే.