దారి మునిగింది.. రాసిన పుస్తకం మిగిలింది

ముదినేపల్లి నుంచి రోజూ గుడివాడకో, కైకలూరుకో బస్సులో వెళ్లేవాళ్లకి దారిలో కొండ అన్నదే కనిపించదు. ఎటు చూసినా వరి చేలు, చేపల చెరువులు. శ్రీశైలం వెళ్దామనుకుంటే ఫోన్‌లో మ్యాప్ తెరుస్తారు. దోర్నాల మీదుగా ఘాట్ రోడ్డు చూపిస్తుంది. ఆ మ్యాపూ, ఆ రోడ్డూ లేని రోజుల్లో నల్లమల ఎక్కిన ఒక ఉద్యోగి గురించి ఇవాళ తెలుసుకోండి. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామి.

ముందు ఆయన కెరీర్ చూద్దాం. తొమ్మిదో ఏట తండ్రి పోయారు. పన్నెండేళ్లకే ఇంగ్లిష్ ధారాళంగా చదవడం నేర్చుకుని, మద్రాసులో బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో వాలంటీర్‌గా చేరారు. ఇప్పుడైతే ఇంటర్న్ అనేవాళ్లం. తర్వాత తిరునెల్వేలిలో దుబాసీ పని. అలా ఒక్కో మెట్టూ ఎక్కి మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్ అయ్యారు. ఒకరి మాటని ఇంకొకరికి తేడా రాకుండా చేర్చడమే ఆ ఉద్యోగం.

1830 మే 18న ఆయన దాదాపు వంద మంది పరివారంతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరారు. తిరుపతి, కడప, అహోబిలం మీదుగా ప్రయాణం. శ్రీశైలం కోసం ఆత్మకూరు దగ్గర అడవి దారి పట్టారు. నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను.. ఇలా సాగుతుంది ఆ దారి. ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. దర్శనం అయ్యాక మళ్లీ ఆత్మకూరుకే దిగి వచ్చి, నివృత్తి సంగమం దగ్గర కృష్ణ దాటి హైదరాబాదు వైపు సాగారు.

ఆయన చూసి వచ్చి ఊరుకోలేదు. మజిలీ మజిలీకీ రాసుకున్నారు. ఏ ఊరు ఎంత దూరం, నీళ్లు ఉన్నాయా, సరుకులు దొరుకుతాయా, బాట రాళ్లదా ఇసుకదా, యాత్రికుల దగ్గర ఎక్కడెక్కడ పన్ను వసూలు చేస్తున్నారు.. అన్నీ రాసి స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకి పంపేవారు. వెనకాల వచ్చే మనిషి ఇబ్బంది పడకూడదన్న ఆలోచన ప్రతి పేజీలోనూ కనిపిస్తుంది. మనం ప్రాజెక్టుకి రాసే రీడ్‌మీ ఫైల్ లాంటిదే అది. కాకపోతే మనలో చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తాం!

1831 సెప్టెంబరు 3న ఆయన మద్రాసు చేరారు. 1836లో కన్నుమూశారు. ఆ రాతల్ని శ్రీనివాసపిళ్లె 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించారు. తెలుగులో మొదటి యాత్రా గ్రంథంగా దానికి పేరు.

ఇప్పుడు ఆ దారి ఏమైంది? బస్సులు దోర్నాల ఘాట్ మీదుగా తిరుగుతున్నాయి. నాగలూటి బాటలో ఉగాది ముందు కన్నడ భక్తులు వేలల్లో నడుస్తారు. ఆయన కృష్ణ దాటిన సంగమం శ్రీశైలం జలాశయంలో కలిసిపోయింది. నీళ్లు బాగా తగ్గినప్పుడే అక్కడి గుడి బయటపడుతుంది. ఆ రోజు ఆ దారి ఎలా ఉండేదో తెలియాలంటే ఈ పుస్తకమే దిక్కు.

మీరు ఎక్కాలనుకున్న దారి కూడా మారిపోయి ఉండొచ్చు. క్యాంపస్‌కి వస్తామన్న కంపెనీ రాకపోవచ్చు, నోటిఫికేషన్ వాయిదా పడొచ్చు, చదివిన బ్రాంచ్ ఒకటి, దొరికే పని ఇంకొకటి కావొచ్చు. దారి మారడం మన చేతిలో లేదు. నడిచినంత మేరా రాసిపెట్టడం మాత్రం ఉంది. ఇంటర్వ్యూ నుంచి తిరిగొచ్చిన రోజు రాత్రే ఒక నోట్‌బుక్ తీయండి. ఏ రౌండ్‌లో ఏం అడిగారు, ఎక్కడ తడబడ్డారు, బస్సు ఛార్జీ, రూమ్ ఖర్చు ఎంతయింది.. ఉన్నది ఉన్నట్టు రాయండి. రేపు అదే బస్సెక్కే మీ జూనియర్‌కి ఇవ్వండి. మీకు ఉద్యోగం రాకపోయినా ఆ ప్రయాణం వృథా కాదు.